కొంగలు మాకు స్వాగతం పలికాయి

ఫిబ్రవరి 3, సోమవారం

ఇవాళ యాత్రా వ్యాసం రాయించాను. యాత్ర పద్నాలుగున. వ్యాసాలు మాత్రం పదో తేదీకల్లా పై ఆఫీసుకి చేరాలి, లేకపోతే ఈ ఏడు ఫైలు మూసేస్తారట. యాత్ర కంటే ముందే ఫైలు మూస్తే వ్యాసం కూడా ముందే రాయాలి మరి. మా స్కూల్లో ప్రతి ఏడూ ఇంతే. రాసినదాని వెనకే వెళ్ళొస్తూనే ఉన్నాం.

మూడో తరగతి, ఇరవై తొమ్మిది మంది. అంశం "మన ప్రాంతపు ప్రకృతి, సంస్కృతి, వారసత్వం". నేను బోర్డు మీద రాశాను, వాళ్ళు చూసి రాసుకున్నారు. "మేము ఉదయం ఎనిమిది గంటలకు బస్సులో ఉల్లాసంగా బయలుదేరాము. ప్రాచీనమైన రాతి వంతెనను దర్శించాము. చిత్తడి నేలలో తెల్ల కొంగలు రెక్కలు విప్పి మాకు స్వాగతం పలికాయి. చాపలు అల్లేవారి పాకలో వారి కళానైపుణ్యమును చూసి ముగ్ధులమైతిమి." కొంగల వాక్యం నాకు బాగా కుదిరింది. "ముగ్ధులమైతిమి" దగ్గర మాత్రం పిల్లలు నానా తంటాలు పడ్డారు.

మొదటి బెంచీలో ఒక పిల్ల ఉంది, దర్జీ ఆవిడ కూతురు. ఏది చెప్పినా ఎందుకు అంటుంది కాబట్టి నేను ఎందుకమ్మ అని పిలుస్తాను.

"మేడం, మనం ఇంకా వెళ్ళలేదు కదా?" అంది.

"వెళ్తాం కదే."

"వెళ్ళాక రాయొచ్చు కదా?"

"ఇప్పుడు రాస్తే చెయ్యి నొప్పెడుతుందా నీకు?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వకుండా తల వంచుకుని రాసింది.

బస్సెక్కితే డోక్కునే బొద్దు పిల్లాడొకడున్నాడు. వాడు చివర సొంతంగా ఒక వాక్యం కలిపాడు: "నేను బస్సులో వాంతి చేసుకున్నాను."

"ఏరా, బస్సే ఎక్కలేదు, అప్పుడే వాంతి ఎక్కణ్ణించి వచ్చిందిరా?"

"ఎప్పుడూ అవుతుంది మేడం."

కొట్టేయించాను. అందరి చేతా తేదీ పద్నాలుగు వేయించాను.

ఫిబ్రవరి 4

అందరూ చేసేదే. వెళ్ళబోయేదాన్నే రాయించాను. లేనిది పుట్టించలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

వ్యాసాల కట్ట పెద్దమేడం గదిలో ఇచ్చాను. హెడ్మిస్ట్రెస్‌ని మేమందరం అలాగే అంటాం. ఆవిడ పైదొక్కటి చదివి, "కొంగలు బాగున్నాయండీ" అంది. సంతోషించాను, ఎందుకు అబద్ధం?

నన్ను పర్మినెంటు చేసే ఫైలు కూడా ఇదే నెలలో కదులుతోంది. తొమ్మిదేళ్ళుగా టెంపరరీ టీచర్ని. ప్రతి జూన్‌లో, ఈ ఏడు ఉంటానా ఊడతానా అని ఆఫీసు గది గుమ్మం పట్టుకుని నిలబడటమే. ఇంకొక్క సంతకం, అంతే.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. మా ఆయన సర్వే పని మీద ఊళ్ళు తిరుగుతుంటారు, ఇంట్లో మేమిద్దరమే. అత్తయ్య ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా గుమ్మంలో నిలబడితే "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటుంది.

"వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాయించావా?" అంది.

"వెళ్తాం అత్తయ్యా, వచ్చే శుక్రవారం."

"ఊఁ" అని టీవీ సౌండు పెంచింది.

ఫిబ్రవరి 13, గురువారం

యాత్ర లేదు. బస్సు పెద్ద క్లాసుల ఆటల పోటీకి ఇచ్చేశారట. సాయంత్రం నాలుగింటికి, పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయాక చెప్పారు.

"వ్యాసాలు వెళ్ళిపోయాయి కదండీ మేడం" అన్నాను.

"వెళ్ళిపోయాయి కాబట్టే ఇబ్బంది లేదండీ" అంది పెద్దమేడం.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇరవై తొమ్మిది మందీ నీళ్ళ సీసాలు మెడకి తగిలించుకుని, టోపీలు పెట్టుకుని వచ్చారు. బొద్దు పిల్లాడు జేబులో రెండు పాలిథీన్ కవర్లు పెట్టుకొచ్చాడు. వాయిదా పడింది అన్నాను. ఎప్పటికి అన్నారు. త్వరలో అన్నాను. పదకొండింటికే డబ్బాలు తెరిచి, బస్సులో తినాల్సిన బిస్కెట్లు క్లాసులో కూర్చుని తిన్నారు. ఎవరూ అల్లరి చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేది, కేకలేసేదాన్ని.

ఎందుకమ్మ లేచి, "మరి మనం రాసింది?" అంది.

"కూర్చో" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

ఫిబ్రవరి 17, సోమవారం

ఏం చోద్యమో! మా యాత్రే అన్నిట్లోకీ ఉత్తమమైన యాత్రగా ఎంపికైందట. ఇరవై ఎనిమిదిన పై అధికారి స్వయంగా వచ్చి ప్రశంసాపత్రం ఇచ్చి, పిల్లలతో యాత్ర గురించి మాట్లాడతారట.

పెద్దమేడం తలుపు దగ్గరగా వేసి, "వ్యాసం అందరికీ నోటికి రావాలి. మధ్యలో ఒకటీ అరా ప్రశ్న అడిగినా తడుముకోకూడదు. మీ ఫైలు కూడా ఆయన టేబుల్ మీదే ఉందండీ, మరిచిపోకండి" అంది.

మరిచిపోవడానికి అదేమైనా గొడుగా?

ఫిబ్రవరి 18

బట్టీ మొదలుపెట్టాను. ఒక పీరియడ్డే కదా.

ఫిబ్రవరి 19, బుధవారం

పిల్లలు నాకంటే వేగంగా ఉన్నారు. నేను అధికారిలా "వంతెన ఎలా ఉంది?" అంటే "ఎత్తుగా ఉంది సార్", "చల్లగా ఉంది సార్" అంటున్నారు. రెండు జడల పిల్లయితే ఒక కొంగ తన భుజం మీద వాలిందని చెప్పింది, ఎంత బరువుందో కూడా చెప్పింది. చప్పట్లు కొట్టించాను. ఆ తర్వాత బాత్రూముకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. ఎండ ఎక్కువగా ఉంది ఈమధ్య.

ఎందుకమ్మ రెండు రోజుల్నించి ఎందుకు అనడం లేదు. పోనీలే, చెవిలో జోరీగ తగ్గింది అనుకున్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఇది రాయాలని లేదు, అయినా రాస్తాను.

స్కూలు వదిలాక ఎందుకమ్మ వాళ్ళమ్మ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, మిషను మీంచి లేచి వచ్చినట్టుంది. పిల్ల వెనకాల నిలబడింది.

"మేడం, నిన్న మా చెల్లెలొచ్చి దీన్ని అడిగింది, యాత్రకి వెళ్ళావటే అని. వెళ్ళానంది. వంతెనంది, కొంగలంది. ఆ రోజు డబ్బా కట్టింది నేనే, వెళ్ళలేదని ఏడుస్తూ వచ్చిందీ నా దగ్గరికే. నా కళ్ళలోకి చూస్తూ ఇంత అబద్ధమా అని రెండు తగిలించాను. అప్పుడు కూడా వెళ్ళాననే అంది మేడం! మళ్ళీ కొట్టాను. ఆఖరికి చెప్పింది, మేడం అలా చెప్పమన్నారు, మారిస్తే మేడం ఉద్యోగం పోతుంది అని."

ఉద్యోగం మాట నేను పిల్లలతో అనలేదు. అనలేదనే అనుకుంటున్నాను. మంగళవారం రెండో పీరియడులో, "సరిగ్గా చెప్పకపోతే మీ మేడం ఇంటికి పోవాల్సిందే" అని నవ్వుతూ ఒక మాట అన్నాను కాబోలు. అన్నాను. సరదాకే అన్నాను.

ఆవిడ నా మీద అరవలేదు. "మీరు నిజంగానే చెప్పమన్నారా? లేక ఇది మళ్ళీ అబద్ధమాడుతోందా? అదొక్కటి తెలిస్తే చాలు, పనుంది, వెళ్ళిపోతాను" అంది.

నేనే చెప్పమన్నానన్నాను. తల కొట్టేసినట్టయింది. ఆవిడ పిల్ల వైపు తిరిగి, "కొట్టానమ్మా, తప్పైపోయింది" అంది. నా ముందే, ఆ పిల్లతో. నేను మాత్రం ఎవరితోనూ ఏమీ అనలేకపోయాను.

ఈ డైరీలో మూడో తారీఖున ఏం రాశానో ఇప్పుడే చూశాను. "రాసినదాని వెనకే వెళ్ళొస్తూనే ఉన్నాం" అట! తొమ్మిదేళ్ళలో మూడుసార్లు వెళ్ళాం, అదీ బస్సు కొత్తల్లో. మిగతా ఆరూ బోర్డు మీదే. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్న నన్ను ఏమనాలి?

ఫిబ్రవరి 21, శుక్రవారం

పెద్దమేడం గదిలోకి వెళ్ళాను.

"ఇరవై ఎనిమిదిలోపు బస్సు ఇప్పించండి."

"లేదండీ."

"అయితే ఆదివారం నడిపించుకుని తీసుకెళ్తాను. మూడు కిలోమీటర్లేగా."

"స్కూలు అనుమతి లేకుండానా?"

"ఆదివారం వాళ్ళు స్కూలు పిల్లలు కారు. వాళ్ళ అమ్మానాన్నల పిల్లలు. వాళ్ళనే అడుగుతాను."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చేరిన మొదటి ఏడు నేనూ ఇలాగే ఎగిరాను. ఏమైందో తెలుసా? ఏమీ కాలేదు. వాళ్ళు అడిగేది కాగితం. కాగితం ఇస్తే మనల్ని మన మానాన పాఠాలు చెప్పుకోనిస్తారు. నాకింకా రెండేళ్ళ సర్వీసుంది, మీకు ఇరవై ఉంది. మొండికెయ్యకండి."

మొండికేస్తాను. ఇన్నాళ్ళూ వెయ్యనందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలి.

ఫిబ్రవరి 22, శనివారం

పొద్దుట్నించి సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగాను. ఇరవై తొమ్మిది మంది ఇళ్ళలోనూ ఉన్నదున్నట్టు చెప్పాను: పద్నాలుగున వెళ్ళలేదు, వెళ్ళినట్టు నేనే రాయించాను, రేపు నిజంగా తీసుకెళ్తాను, స్కూలుకి సంబంధం లేదు. కొందరు నవ్వారు. ఒకాయన తలుపులోంచే "సిగ్గు లేదటండీ టీచరుగారూ?" అన్నాడు, అని సంతకం పెట్టాడు. ఇరవై ఏడు సంతకాలు. ఇద్దరికి జ్వరం. నలుగురు అమ్మానాన్నలు తోడొస్తామన్నారు, దర్జీ ఆవిడ కూడా.

అత్తయ్య అటక మీది డబ్బా దింపించి పాత విజిల్ తీసింది. "నువ్వు పాఠం చెప్పుకో అమ్మాయ్. తలకాయల సంగతి నాకొదిలెయ్" అంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

కాళ్ళు లాగేస్తున్నాయి. ఒక్కటీ వదలకుండా రాస్తాను.

ఏడున్నరకి బయల్దేరాం. ముందు నేను, వెనక అత్తయ్య. విజిల్ ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే కదలాలి. "రైట్ రైట్!" అని ఆవిడ అనగానే పిల్లలంతా "రైట్ రైట్!" అని అరిచేవాళ్ళు. వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చి చూసింది. ప్రతి మలుపు దగ్గరా ఆవిడ ఒక్కొక్కళ్ళ నెత్తి మీద తట్టి లెక్కపెట్టింది. ఒకసారి ఇరవై ఎనిమిది వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టించాను. తీరా చూస్తే పక్కింటి పిల్లొకతె వరసలో కలిసిపోయింది, ఇంటి దగ్గర దింపి వచ్చాం.

వంతెన ఎక్కనివ్వలేదు. మరమ్మతులట, అడ్డంగా రేకులు కట్టేశారు. రేకుల సందులోంచి చూశాం. మేస్త్రీ ఒకాయన జాలిపడి కిందికి దింపి, రాళ్ళ మీద పాత పనివాళ్ళు చెక్కిన గుర్తులు చూపించాడు. ఎవరు చెక్కిన రాయికి వాళ్ళ గుర్తు. ఒకటి చేప, ఒకటి గీతలు, ఒకటి ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఆ ఏమిటో తెలియనిదాని దగ్గరే పిల్లలు అరగంట కూర్చున్నారు. గద్దె అని ఒకళ్ళు, దువ్వెన అని ఒకళ్ళు. తొమ్మిదేళ్ళుగా "ప్రాచీనమైన రాతి వంతెన" అని రాస్తున్నాను కదా, దాని కింద ఇన్ని గుర్తులున్నాయని నాకే తెలియదు.

కొంగలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. బురద, దోమలు, ఒక నల్ల పిట్ట. అది మమ్మల్ని చూడగానే ఎగిరిపోయింది. రెండు జడల పిల్ల మొహం మాడ్చుకుని, "మేడం, నా కొంగ?" అంది. "నీ కొంగ లేదమ్మా. నా కొంగలూ లేవు" అన్నాను. చాలాసేపు బురదలోకి చూసి, "కప్పలున్నాయి" అంది.

చాపల పాకలో ఒక ముసలావిడ ఒక్కతే ఉంది. నేల మీద దారాలు బిగించి, తడిపిన తుంగ పుల్లల్ని ఒక పొడుగాటి కర్రతో ఈ చివర్నించి ఆ చివరికి తోస్తోంది. ఏ స్కూలు అని అడిగింది. చెప్పాను. చేతిలో కర్ర పక్కన పెట్టేసింది.

"ఆ స్కూలా! మీ అటెండరు ఏటా ఒక కాగితం తెస్తాడమ్మా, పిల్లలొచ్చి చూసి వెళ్ళారని. వేలిముద్ర వేసి పంపుతుంటా. పిల్లలేరయ్యా అంటే వస్తారు వస్తారు, ఫలానా రోజు వస్తారు అంటాడు. నాలుగేళ్ళ బట్టీ ఆ రోజుకి పాకంతా ఊడ్చుకుని కూర్చుంటున్నా."

"మొన్న పద్నాలుగున కూడానా?" అన్నాను.

"ఊడ్చాను. చిన్నపిల్లలు కదా, గుచ్చుకుంటాయని పుల్లలు కూడా ఏరాను" అంది.

నేను పాక బయటికి వచ్చి ఏడ్చాను. ఎండ వల్ల కాదు.

నేను లోపలికి వెళ్ళేసరికి పిల్లలు ఆవిడ చుట్టూ మూగి ఉన్నారు. "తోసుకోకండర్రా, కోతి మూకా! ఒక్కొక్కళ్ళూ ఒక్కో పుల్ల!" అని తిడుతూనే అందరి చేతా ఒక్కో పుల్ల తోయించింది. ఎందుకమ్మ పుల్ల చేతిలో పట్టుకుని, "దీన్నెందుకు తడుపుతారు?" అంది.

వారం తర్వాత మొదటి ఎందుకు. దర్జీ ఆవిడ నా వైపు చూసింది. ఇద్దరం నవ్వుకున్నాం.

"తడపకపోతే విరుగుతుంది. మరి ఎండలో ఎందుకు ఆరబెడతారని అడగవే?" అంది ముసలావిడ.

"ఎందుకు?"

పావుగంట పట్టింది ఆ పిల్ల ఎందుకులు అయ్యేసరికి.

ఫిబ్రవరి 24, సోమవారం

బోర్డు తుడిచి, సుద్దముక్క డ్రాయర్లో పడేసి, నిన్నటి గురించి రాయమన్నాను. ఏం రాయాలి మేడం అన్నారు. నాకేం తెలుసన్నాను.

ఇరవై ఏడు వ్యాసాలు, ఒక్కటీ ఇంకోదానిలా లేదు. బొద్దు పిల్లాడు: "నేను కవర్లు తీసుకెళ్ళాను. నడిస్తే వాంతి రాదు. ఇది నాకు తెలియదు." రెండు జడల పిల్ల: "కొంగ రాలేదు. ముందు వచ్చింది అన్నాను. ఇప్పుడు రాలేదు." ఎందుకమ్మ పేజీ నిండా ఆ రాతి మీది గుర్తు వేసి, కింద ఒక్క ముక్క రాసింది: "ఇది ఎవరిది?"

ఫిబ్రవరి 26, బుధవారం

ఈసారి పెద్దమేడం తిట్టలేదు. కుర్చీ చూపించి టీ తెప్పించింది.

"వెళ్ళనే వెళ్ళొచ్చారు. మంచిదైంది. ఇంక అబద్ధమెక్కడుందండీ? తేదీ ఒక్కటే కదా తేడా. పిల్లలు పాత వ్యాసమే చెప్పేస్తే అందరికీ బాగుంటుంది. మీ ఫైలు కూడా అయిపోతుంది."

ఫిబ్రవరి 26, మళ్ళీ

నిజమే. వెళ్ళాం కదా.

వంతెన చూశాం. పాక చూశాం. తేదీ ఒక్కటే తేడా.

కొంగలు కూడా తేడా. బస్సు కూడా తేడా.

అత్తయ్యని అడిగాను. "దిగిపోయినవాడికి టికెట్టు కొట్టి, వాడు ఎక్కాడు కదా అంటే చెకింగు ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటాడేమే? ఒకసారి అలా చేసినందుకే నన్ను వారం రోజులు సస్పెండ్ చేశారు" అంది. తర్వాత నా పక్కన కూర్చుని, "నీకు ఉద్యోగం కావాలి. అది తప్పు కాదు. కానీ ఆ పిల్లని వాళ్ళమ్మ కొట్టింది" అంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

వచ్చారు. శాలువా, పూలగుత్తి, ఫోటోగ్రాఫరు. అధికారి నిదానస్థుడిలాగే ఉన్నారు. "యాత్ర గురించి ఎవరు చెప్తారు?" అన్నారు. పెద్దమేడం రెండు జడల పిల్లని లేపింది.

"మేము ఉదయం ఎనిమిది గంటలకు బస్సులో ఉల్లాసంగా..." అని ఆగిపోయింది. నా వైపు చూసింది. క్లాసు క్లాసంతా నా వైపు చూసింది. ఎందుకమ్మ కూడా.

నేను లేచాను. "అది నేను రాసిన వ్యాసం సార్. పద్నాలుగున మేము ఎక్కడికీ వెళ్ళలేదు. పిల్లల తప్పేమీ లేదు, నేనే బట్టీ పట్టించాను. వీళ్ళు ఇరవై మూడున నడిచి వెళ్ళి చూశారు. వీళ్ళు రాసినవి ఇవి" అని కట్ట ఆయన ముందు పెట్టాను.

పెద్దమేడం మొహం తెల్లగా పాలిపోయింది. ఆయన పైనున్న వ్యాసం తీసి చదివారు. పెదవి ఒక పక్కకి కదిలింది, నవ్వుతారేమో అనుకున్నాను. కాగితం మడిచి కట్ట మీద పెట్టేశారు.

"ప్రెస్ నోట్ పొద్దున్నే వెళ్ళిపోయిందమ్మా. పిల్లలు ఉల్లాసంగా విశేషాలు వివరించారని" అన్నారు.

ప్రశంసాపత్రం ఇచ్చేశారు! పెద్దమేడం అందుకుంది, ఫోటో తీశారు. ఫోటోగ్రాఫరు "పిల్లలూ, నవ్వాలి" అన్నాడు. "ఎందుకు?" అని మొదటి బెంచీలోంచి గట్టిగా వినిపించింది.

మార్చి 3, సోమవారం

నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా విద్యార్థులను బయటికి తీసుకువెళ్ళినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. పర్మినెంటు ఫైలు వెనక్కి వచ్చింది.

పెద్దమేడం సంజాయిషీ కూడా తనే టైపు చేయించి పెట్టింది. "సంతకం పెట్టండి చాలు, నేను చూసుకుంటాను" అంది. మంచికే అంటోంది, ఆ సంగతి నాకు తెలుసు. చదివాను: పద్నాలుగున యాత్ర సక్రమంగా జరిగినదనియు, ఇరవై మూడున తొందరపాటుతో చేసిన పనికి చింతిస్తున్నాననియు, తేదీ ఇరవై ఆరు. అంటే నేను తప్పు ఒప్పుకుంటానని మెమో రాకముందే రాసి పెట్టుకున్నారన్నమాట.

కాగితం వెనక్కి తిప్పాను. ఆవిడ టేబుల్ మీదే, ఆవిడ పెన్నుతోనే రాశాను:

"ఫిబ్రవరి పద్నాలుగున మేము ఎక్కడికీ వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళలో ఆరు యాత్రలు నేను బోర్డు మీదే చేయించాను. ఆ ఆరింటికీ నన్ను ఎవరూ సంజాయిషీ అడగలేదు. పిల్లలు తమ కాళ్ళతో నడిచి, తమ కళ్ళతో చూసి వచ్చిన ఈ ఒక్కదానికి అడిగారు. ఆ ఆరింటికీ చింతిస్తున్నాను. దీనికి చింతించడం లేదు."

ఆవిడ చదివింది. రెండోసారి కూడా చదివింది. నాకేసి చూడకుండా, "ఇది ఫైల్లో పెడితే జూన్‌లో మిమ్మల్ని నేను కాపాడలేను" అంది. గొంతులో కోపం లేదు.

"పెట్టండి మేడం" అన్నాను. "తేదీ మాత్రం ఇవాళ్టిదే వెయ్యండి."